వీధిపోటు మీద నేను గెలిచిన వాదన

మీరు ఇంటిస్థలం కొనడానికి వెళ్ళినప్పుడు మొట్టమొదట ఏమడిగారు? నిజం చెప్పండి. తూర్పు ముఖమేనా అని అడిగారు. కాకపోతే ఉత్తరమైనా దొరుకుతుందా అని అడిగారు. ఆ తర్వాత గజం ధర, మంచినీళ్ళ సంగతి. ఈ వీధి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందని అడిగారా? దాని చివర ఎవరుంటారు, వాళ్ళు ఇటు నడిచి రావడానికి దారి ఉందా అని అడిగారా?

నేనూ అడగలేదు. మా అక్కా బావా తెనాలి శివార్లలో, అంగలకుదురు వైపు స్థలం కొన్న రోజున నేను పక్కనే ఉన్నాను. తూర్పు ముఖానికి ఒక ధర, పడమర ముఖానికి ఇంకో ధర ఏమిటని బ్రోకరుతో పోట్లాడాను. సూర్యుడికి మీ లేఅవుటుతో పనేమిటన్నాను. అతను నవ్వుతూ, "మీరన్నది కరెక్టేనండి. కానీ కొనేది సూర్యుడు కాదు కదండి" అన్నాడు. బావ పగలబడి నవ్వాడు. నేను మాత్రం వాదనలో నాదే పైచేయి అనుకుంటూ ఇంటికొచ్చాను. వీధి గురించి ఒక్క ముక్క అడగలేదు.

ఇప్పుడు అక్క ఇంటికి దగ్గర్లోనే అద్దెకుంటున్నా గానీ, నాది బాపట్ల. మా కుర్రతనంలో అక్కడ ఒక పఠనమందిరంలో ఆదివారాలు వాదప్రతివాదాలు జరిగేవి. జాతకాలు, శకునాలు, ముహూర్తాలు, కులం, ఏదో ఒకటి ఎత్తుకుని ఇటు కొందరం అటు కొందరం నిలబడేవాళ్ళం. అక్కడి పెద్దలు మాకొక ఉపాయం నేర్పారు. ఎదుటివాడి మాటను కాదనకు. ఒప్పుకో. ఒప్పుకుని, దాని చెయ్యి పట్టుకుని చివరిదాకా నడిపించుకుపో. ఆ చివరన ఉన్న గొయ్యిని చూసి వాడే వెనక్కి తిరుగుతాడు. ఆ ఉపాయం నాకు అబ్బింది. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ, పత్రికల్లో వ్యాసాలు రాసినన్నాళ్ళూ దాంతోనే నెగ్గుకొచ్చాను. గొయ్యి కనిపించాక కూడా సంతోషంగా అందులోకి దిగేవాళ్ళు ఉంటారని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ మందిరానికి మా ఇంటి నుంచి ఎన్ని దారులుండేవో! పెద్ద వీధిన పోవచ్చు. ఎండ కాస్తే నీడ పడే సందులో పోవచ్చు. హిందీ మాస్టారి కంటపడకూడదనుకుంటే ఎవరి దొడ్డివాకిలి పక్కనుంచో జారుకోవచ్చు. ఎటు పోయినా ఊరి నడిమధ్యకే చేరేవాళ్ళం. మనిషికి బొడ్డు ఉన్నట్టు ఊరికి మధ్య కూడా పుట్టుకతోనే ఉంటుందని అప్పుడు అనుకునేవాణ్ణి. అది నిజం కాదు. దారులు వచ్చి కలిసే చోటు మధ్య అవుతుంది. దారులు తెగిపోతే ఆ మధ్య ఎండిపోతుంది.

సభల పేరుతో తిరుగుతూ పాత నగరాలు కొన్ని చూశాను. హైదరాబాదు పాతబస్తీలో నాలుగు దారులు కలిసే చోట నిలబడ్డాను. మదురైలో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వీధుల్లో దారి తప్పాను. అవన్నీ ఎప్పుడో రాజులు గీయించిన గీతలే. అయితే రాజు గీత గీసి పోయాడు. ఆ చోటుకి ఇన్ని తరాలుగా ప్రాణం పోస్తున్నది మాత్రం పక్కల నుంచి వచ్చి అందులో పడే సందులు. తెనాలి చిన్న ఊరే, కానీ సూత్రం అదే. ఊళ్ళోంచి కాలువలు పారతాయి. కాలువ దాటాలంటే వంతెన ఎక్కాలి, కాబట్టి ఎవరి తోవన వాళ్ళు పోయేవాళ్ళంతా అక్కడ ఒకరికొకరు ఎదురుపడక తప్పదు. నలుగురు ఎదురుపడే చోట ఒకడు బట్టలు అమ్ముతాడు, ఒకడు పూలు అమ్ముతాడు, ఇంకొకడు రాజకీయాలు మాట్లాడతాడు. బజారు పుట్టడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు శివార్లలో వేస్తున్న లేఅవుట్లు చూడండి. తూర్పు ముఖం ప్లాట్లకే గిరాకీ కాబట్టి వీధులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికే గీస్తారు, దువ్వెన పళ్ళలాగా. అడ్డ వీధి వేస్తే ఆ మేరకు తూర్పు ప్లాట్లు తగ్గుతాయి, అందుకని వెయ్యరు. వీధి పోయి పోయి పక్కవాడి పొలం గట్టు దగ్గర ఆగిపోతుంది. రేపు ఆ పొలమూ లేఅవుటు అయితే దాని వీధులు ఇంకోచోట మొదలవుతాయి, దీనితో కలవవు. మీ ఇంటి వెనకింటికి వెళ్ళాలన్నా మెయిన్ రోడ్డు ఎక్కి దిగాలి. ఇన్ని వేల బళ్ళనూ ఒక్క రోడ్డు మీదకు తోలి, ఊళ్ళో ట్రాఫిక్ పెరిగిపోయిందని టీ తాగుతూ బాధపడతాం. ఒక మూఢనమ్మకం మనిషి తలలో ఉన్నంతవరకూ వాడి సొంత విషయం అనుకోవచ్చు. పటం మీద గీత అయ్యాక అది అందరి కాళ్ళకూ అడ్డం పడుతుంది. ఈ మాట నేను ఎన్నో సభల్లో చెప్పాను. చప్పట్లు కొట్టించుకున్నాను కూడా.

మా అక్క ఉన్న లేఅవుటులో అదృష్టవశాత్తూ ఒక్క అడ్డదారి మిగిలింది. వెనక కాలువ గట్టున పాత కాలనీ ఉంది. పొలాల్లోకీ, మిల్లుల్లోకీ, ఈ లేఅవుటు ఇళ్ళలోకీ పనికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళవి. అక్కడి నుంచి ఒక సందు లేఅవుటులోకి వచ్చి, తిన్నగా మా అక్క గేటు ముందు ఆగుతుంది. ఈ సందులోంచి నడిస్తే కాలనీవాళ్ళకు బస్సు దగ్గర, బడి దగ్గర. లేకపోతే కాలువ గట్టెక్కి మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాలి.

ఆ సందు మొగలో, లేఅవుటు వైపున, ఒక అద్దె గదిలో టైలరమ్మ మిషను పెట్టుకుంది. పుట్టింది చీరాల దగ్గర మగ్గాల ఇంట్లో, కాపురానికి వచ్చింది ఈ కాలనీకి, ఇల్లు అక్కడే. భర్త లారీ మీద పోతే నెలలో సగం రోజులు ఇంట ఉండడు. జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్ వేసేది. కాలనీ ఆడవాళ్ళూ లేఅవుటు ఆడవాళ్ళూ ఒకే బల్ల మీద కూర్చుని కొలతలిచ్చే చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఆమె గది ముందు ఎవరో ఆకుకూరల గంప దింపారు. సాయంత్రం పునుగుల బండి వచ్చింది. పాలవాడు డబ్బా అక్కడే దించడం మొదలుపెట్టాడు. ఎవరూ ప్రణాళిక వెయ్యకుండానే, మా కళ్ళ ముందే, అరచేయంత ఊరి మధ్య ఒకటి తయారైంది.

ఇంతలో అక్క స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. సిద్ధాంతి వచ్చి చూసి, సందు తిన్నగా గేటును పొడుస్తోంది, ఇది వీధిపోటు, దాని వల్లే అన్నాడు. విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. సందుకెదురుగా ప్రహరీగోడలో ఒక గూడు కట్టించి వినాయకుడి బొమ్మ పెట్టమన్నాడు. మన ఊళ్ళల్లో వీధి చివరి ఇళ్ళకు అలాంటి గూళ్ళు మీరు చూసే ఉంటారు.

నాకు ఒళ్ళు మండింది.

"స్నానాల గదిలో సబ్బు మీద కాలేస్తే వీధి ఏం చేస్తుందే?" అన్నాను.

"ఏం చెయ్యదురా. నాకో చిన్న బొమ్మ పెట్టుకోవాలనుంది. నీకెక్కడ నొప్పి?"

"ఆ బొమ్మ ఏం చేస్తుంది?"

"అదీ ఏం చెయ్యదు. అక్కడుంటుంది. నీలాగా అరవదు" అంది అక్క.

గూడు కాస్త రోడ్డు మీదకు వస్తుంది కాబట్టి లేఅవుటు సంఘం వాళ్ళ ఒప్పుకోలు కావాల్సివచ్చింది. ఆదివారం పొద్దున సంఘం పెద్దగారి డాబా మీద మీటింగు. ఆయన ఎక్కడో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఉప్మా పెట్టారు, టీ ఇచ్చారు. నన్ను కూడా పిలిచారు, నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి?

లేచాను. బాపట్లలో నేర్చుకున్న ఉపాయాన్నే బయటికి తీశాను.

"వీధి ఇంటిని పొడుస్తుందంటున్నారు. సరే, ఒప్పుకుంటున్నాను. పొడవడానికి వస్తున్న కత్తికి ఎదురుగా జానెడు బొమ్మ పెడతారా? కత్తిని లాగి పారెయ్యరూ? నిజంగా నమ్మితే ఆ వీధినే మూసెయ్యండి! మూసే ధైర్యం లేదంటే మీకే నమ్మకం లేదన్నమాట. ఇంక బొమ్మెందుకు?"

డాబా అంతా నవ్వులు. అక్క కూడా చెయ్యి కట్టుతోనే నవ్వింది. నేను గొయ్యి చూపించాను, ఇక వెనక్కి తిరుగుతారనుకున్నాను. పెద్దాయన లేచి నిలబడ్డారు.

"మాస్టారు సూటిగా చెప్పారండి. గూడొద్దు, బొమ్మొద్దు. మూసేద్దాం."

"నేను అనేది అది కాదండి" అన్నాను.

"మీరన్నది అదేనండి, అందరం విన్నాం" అన్నాడు వెనక నుంచి ఒకాయన. మళ్ళీ నవ్వులు.

"వాస్తు కోసం కాదులెండి మాస్టారూ, మీరు బాధపడకండి" అన్నారు పెద్దాయన. "సైంటిఫిక్‌గానే ఆలోచిద్దాం. పెద్ద పెద్ద సిటీల్లో ఇప్పుడన్నీ గేటెడ్ కమ్యూనిటీలే కదండి. ఒకటే ఎంట్రీ, ఒకటే ఎగ్జిట్. పైగా సాయంత్రమైతే అటునుంచి ఎవరెవరో వచ్చేస్తున్నారు."

ఎవరెవరో! ఆ డాబా మీద కూర్చున్న వాళ్ళ ఇళ్ళలో ఆ పొద్దున అంట్లు తోమి వెళ్ళినవాళ్ళు ఎవరెవరో ఎలా అయ్యారు? కులం అనే మాట ఆ మీటింగులో ఒక్కరి నోటి నుంచీ రాలేదు. రావలసిన అవసరం లేకుండా చేసింది నేను. వాళ్ళకు ఆ సందు మూయాలన్న కోరిక ఎప్పటినుంచో ఉంది. బయటికి చెప్పుకోదగ్గ కారణమే లేదు. వాస్తు అంటే నలుగురిలో చులకన. కులం అంటే ఇంకా చులకన. నేను వెళ్ళి దానికి హేతువాదం అనే చీటీ అంటించి ఇచ్చాను.

లేచి ఆ మాట అక్కడే అడగాలి కదా? అడగలేదు. ఎందుకంటే ఆ క్షణాన ఎవరో వెనక నుంచి నా భుజాల మీద శాలువా కప్పారు. మన సభల అలవాటు మీకు తెలుసు, మాట్లాడిన ప్రతివాడికీ ఒక శాలువా ఉంటుంది. శాలువా కప్పించుకున్న మనిషి వెంటనే లేచి కప్పినవాళ్ళను తిట్టలేడు. ఫోటో తీశారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే తీర్మానం అయిపోయింది. నేను నవ్వు మొహంతోనే ఉన్నాను.

వారం తిరక్కుండా సందు అవతలి చివర గోడ లేచింది.

టైలరమ్మ నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. గోడ చుట్టూ తిరిగి వచ్చింది కాబట్టి చెమటలు కారుతున్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మాస్టారండీ, మీరు దేవుడు లేడంటారంట కదండి" అంది.

"అవునమ్మా."

"గోడ మాత్రం ఉందండి."

నేను లేచి నిలబడ్డాను.

"మీరు చెప్తే కట్టారంటున్నారండి. మరి మీరు చెప్తే తీస్తారేమో అడుగుదామని వచ్చాను. శ్రావణమాసం వస్తోంది. ఏడాదిలో నాకు నాలుగు రాళ్ళు మిగిలేది అప్పుడేనండి. అటువాళ్ళు ఇటు రాలేరు, అటువాళ్ళు రాకపోతే ఆకుకూరలామె రాదు, పునుగులాయన రాడు. ఇవేవీ లేకపోతే ఈ మేడల్లో వాళ్ళు కూడా గుమ్మం దిగరండి, బండేసుకుని బజారుకే పోతారు. ఇంక గదిలో కూర్చుని నేనెవరికి కుట్టాలి?"

వెళ్ళి పెద్దాయనతో మాట్లాడాను. లేఅవుటు వీధులు ఊరికి అప్పగించేశాక అవి ఎవరి సొత్తూ కావనీ, వాటికి అడ్డంగా గోడ కట్టే హక్కు సంఘానికి లేదనీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "కరెక్టేనండి. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదండి?" అన్నారు. ఆ ప్రశ్నలో వెటకారం కూడా లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. టీ తాగి వచ్చేశాను.

శ్రావణం ముందే టైలరమ్మ గది ఖాళీ చేసి, మిషను ఆటోలో వేసుకుని రేపల్లెలో తోడికోడలి ఇంటికి వెళ్ళిపోయింది. ఆకుకూరల గంప లేదు. పునుగుల బండి లేదు. సాయంత్రం పూట సందు మొగలో కుక్క కూడా పడుకోవడం మానేసింది, ముక్క విదిలించేవాళ్ళే లేరు మరి.

అక్క నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒక రోజు అన్నం వడ్డిస్తూ మామూలుగానే అంది.

"బొమ్మ పెట్టుకుని ఊరుకునేదాన్నిరా. పోటు సంగతి వినాయకుడు చూసుకునేవాడు, దారి దారిగానే ఉండేది. నువ్వొచ్చి బొమ్మతో పోయేదాన్ని గోడ దాకా తెచ్చావు. నాకు పోటంటే భయం ఉంది గానీ, మనుషులంటే లేదు."

ఇప్పటికీ నేను ఒప్పుకోను, వీధిపోటు అబద్ధమే. సిద్ధాంతి చెప్పింది శుద్ధ అబద్ధం. కానీ అబద్ధాన్ని నమ్మిన అక్క ఆ దారిని ఉంచింది. నిజం తెలిసిన నేను మూయించాను. అబద్ధాన్ని ఓడిస్తే చాలు, మిగతాదంతా దానంతటదే బాగుపడుతుందని అనుకున్నాను. ఓడిన చోట ఏం లేస్తుందో చూడలేదు. నాలాంటివాళ్ళం చాలామందిమి ఇలాగే ఉన్నాం. ముహూర్తాల మీద ముప్పై ఏళ్ళు మాట్లాడతాం, ఊరికి ఆ చివరనున్న వాడలోంచి బజారుకు దారి ఎందుకు లేదో ఒక్కరోజు మాట్లాడం. మొదటిదానికి శాలువాలు దొరుకుతాయి. రెండోదానికి శత్రువులు దొరుకుతారు.

మొన్న అక్కతో కలిసి రేపల్లె వెళ్ళాను. తెనాలిలో ప్యాసింజరు ఎక్కితే పట్టాలు అయిపోయేదాకా పోవడమే, ఆ తర్వాత ఇంక రైలు లేదు. రైలు దారికి అది చివర గానీ ఊరికి కాదు. స్టేషను బయట నుంచి బజారు దాకా పక్క సందుల్లోంచి మనుషులు వచ్చి కలుస్తూనే ఉన్నారు. టైలరమ్మకు ఆ బజారులో చోటు దొరకలేదు. లోపలెక్కడో, ఇళ్ళ వెనక ఇళ్ళున్న చోట, తోడికోడలి వసారాలో మిషను వేసుకుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"రండమ్మా, రండి. మాస్టారండీ, ఇక్కడ కూడా మీటింగు ఉందా ఏంటండి?"

అక్క ఫక్కున నవ్వింది. నేనూ నవ్వడానికి ప్రయత్నించాను.

"పని ఎలా ఉందే?" అంది అక్క, జాకెట్టు గుడ్డ తీసి ఇస్తూ.

"ఈ వీధివాళ్ళు ఇస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టండి. ఇటు ఎవరొస్తారమ్మా, దారి ఇక్కడితో ఆఖరు కదా." కొలత టేపు మెడలో వేసుకుని అక్క చెయ్యి పట్టుకుని చూసింది. "మణికట్టు అతుక్కుందా అమ్మా?"

"అతుక్కుంది. నువ్వు తెనాలి రావా?"

"ఎందుకు రానండి, నా ఇల్లు అక్కడుంటే. ఆ గది ఓనరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదంట. గోడ ముందు ఎవరు దిగుతారండి? దసరాలోపు దారి తెరిస్తే వచ్చేస్తాను. అది దాటితే ఆయన్ని కూడా లారీ మాన్పించి ఇటే తెచ్చుకుంటాం. రెండు చోట్ల మా వల్ల కాదండి."

అంతే. దసరా ఎంతో దూరం లేదు. తిరుగు రైల్లో అక్క కిటికీ పక్కన కూర్చుంది. తెనాలి దగ్గరపడేదాకా పొలాలే చూసింది.

"ఆదివారం మీటింగుంది కదా" అంది చివరికి. "నేను మాట్లాడతాను. గోడ మా గేటు కోసమని కట్టారు కాబట్టి, మా గేటుకి అక్కర్లేదని నేనే చెప్తాను. వినకపోతే సోమవారం మున్సిపాలిటీకి పోయి అర్జీ ఇస్తాను."

"నేను?"

"నువ్వు నా పక్కన కూర్చో. అడిగితే, ఆ రోజు నేనన్నది తప్పు అని ఒక్క ముక్క చెప్పు. ఉదాహరణలొద్దు."

అది ఇన్నాళ్ళ నా ఉపన్యాసాలన్నిటికన్నా కష్టమైన వాక్యం. చెప్తాను. ఇక్కడ, మీ ముందు, ముందే చెప్పేశాను కూడా.

ఇక మీ సంగతి. పాఠకులారా, మీలో ఎంతోమంది ఏదో ఒక కాలనీ సంఘంలో సభ్యులు. మీ లేఅవుటులో ఎక్కడో ఒకచోట పక్క పేటకు పోయే దారి మీద గోడో, తాళం వేసిన గేటో, రాళ్ళ కుప్పో ఉండే ఉంటుంది. అది ఏ కారణం చెప్పి పెట్టారన్న చర్చలోకి దిగకండి, ప్రతి కారణానికీ ఇంకో కారణం తయారుగా ఉంటుంది. లేచి వెళ్ళి దాని అవతల ఉన్నవాళ్ళను పలకరించండి. వాళ్ళను వెంటబెట్టుకుని మీ పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్ళి, ఆ వీధి ఊరిదని చెప్పి అర్జీ పెట్టండి. సంఘం కోప్పడితే పడనివ్వండి. ఆ అడ్డం తీసేదాకా ఇంటికి వచ్చి కూర్చోకండి. ఈ వారమే వెళ్ళండి.